మీ తర్వాత మీ మాట

వీలునామా ఊసెత్తితే చాలు, ‘ఆ అశుభం మాటలు ఇప్పుడెందుకండీ’ అంటారు ఇంట్లో వాళ్లు. మనకూ కావలసింది అదే. ‘మా పిల్లలు బంగారం, కొట్టుకోరు’ అని పక్కన పెట్టేస్తాం. పిల్లలు మంచివాళ్లే కావచ్చు. కానీ ‘ఇల్లు నాకే అన్నాడు నాన్న’ అని ఒకరూ, ‘కాదు, నాకన్నాడు’ అని ఇంకొకరూ నిజంగానే నమ్మితే? తగువు తీర్చాల్సిన మనిషి అప్పటికి గోడమీద ఫొటోలో ఉంటాడు.

మీరు తేల్చకపోతే చట్టం తేలుస్తుంది

నలభై ఏళ్లకే ఒకాయన వీలునామా లేకుండా పోయాడనుకోండి. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు, తల్లి ఉన్నారు. ఆయన స్వార్జితంతో కట్టిన ఇల్లు భార్యదేనని అందరూ అనుకుంటారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం మాత్రం దాన్ని నాలుగు సమాన వాటాలు చేస్తుంది. ఇల్లు అమ్మాల్సి వస్తే, మైనర్ల వాటాకు భార్య కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. వీలునామా ముసలివాళ్ల పని అనుకునేవారికి ఈ ఒక్క లెక్క చాలు.

రెండు అపోహలు

‘బ్యాంకులో నామినీ పేరు ఇచ్చాగా!’ డిపాజిట్టు సొమ్ము నామినీ చేతికి వస్తుంది, నిజమే. అంతమాత్రాన అది ఆయన సొంతం కాదు. వారసులకు అందులో హక్కు ఉంటుంది.

‘బతికుండగానే పిల్లల పేర రాసేస్తే పోలా?’ దాన సెటిల్‌మెంటు రిజిస్టరైతే ఆస్తి మీ చేయి దాటినట్టే. వీలునామా మీ తర్వాతే అమలవుతుంది. అంతవరకూ ఇల్లు మీదే. మనసు మారితే ఎన్నిసార్లైనా మార్చి రాయొచ్చు. చివరగా రాసిందే చెల్లుతుంది.

ఇలా రాయండి

• ఇల్లు, పొలం, బంగారం, డిపాజిట్లతో పాటు అప్పులూ జాబితాలో ఉండాలి.

• స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. ఏది ఎవరికో సర్వే నంబర్లతో సహా రాయండి.

• ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వాళ్ల సంతకాలూ తీసుకోండి. ఆస్తి దక్కేవాళ్లను సాక్షులుగా పెట్టకండి.

• రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే మాత్రం రేపు ‘ఇది దొంగ కాగితం’ అనడం అంత తేలిక కాదు.

• ముస్లింలు అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోగా మిగిలిన దాంట్లో మూడో వంతు దాటి రాస్తే వారసుల సమ్మతి అవసరం.

అసలు పరీక్ష

కాగితం రాయడం గంట పని. ఎవరికి ఎంత, ఎందుకు అని తేల్చుకోవడమే కష్టం. మంచాన పడ్డ మిమ్మల్ని చూసుకున్న కూతురికి ఎక్కువ ఇస్తే, కారణం కూడా ఒక వాక్యంలో రాయండి. వీలైతే అందర్నీ కూర్చోబెట్టి మీరే చెప్పండి. ఇవాళ అలిగిన కొడుకుకు మీరు జవాబు చెప్పగలరు. మీరు పోయాక ఆ జవాబు చెల్లెలు చెప్పుకోవాల్సి వస్తుంది. పంచే అధికారం మనదైనప్పుడు, ఆ నిష్ఠూరం మోయాల్సిందీ మనమే. ఈ ఆదివారం జాబితా మొదలుపెట్టండి.