విడిపోయే హక్కు రాష్ట్రాలకు ఉందా?



స్టడీ అవర్‌లో పాలిటీ పుస్తకం తెరిస్తే మొదటి అధికరణ దగ్గరే ఒక సందేహం వస్తుంది. భారతదేశాన్ని రాజ్యాంగం 'సమాఖ్య' అనకుండా 'రాష్ట్రాల యూనియన్' అని ఎందుకు అన్నది? ఒక్క మాట తేడాయే కదా అనిపిస్తుంది. కానీ దాని వెనుక పెద్ద ప్రశ్న ఉంది. ఒక రాష్ట్రం దేశం నుండి విడిపోవాలనుకుంటే చట్ట ప్రకారం దానికి ఆ హక్కు ఉందా?

1948 నవంబరు 4న రాజ్యాంగ పరిషత్తులో ముసాయిదాను ప్రవేశపెడుతూ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ దీనికి జవాబు చెప్పారు. మన సమాఖ్య రాష్ట్రాల మధ్య ఒప్పందం వల్ల ఏర్పడలేదు కాబట్టి విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదని వివరించారు. ఈ సంగతి తేల్చుకోవడానికి అమెరికా అంతర్యుద్ధం చేయవలసి వచ్చిందని, మనం ముందే స్పష్టం చేసుకోవడం మేలని అన్నారు. ఈ మాట బాగా అర్థం కావాలంటే అమెరికా చరిత్ర తెలియాలి.

అమెరికా అనుభవం

అమెరికా రాజ్యాంగంలో రాష్ట్రాలు విడిపోవచ్చని గానీ, విడిపోకూడదని గానీ ఎక్కడా లేదు. బానిసత్వం కొత్త ప్రాంతాలకు వ్యాపించకూడదన్న అబ్రహాం లింకన్ 1860 నవంబరులో అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. డిసెంబరు 20న దక్షిణ కరోలినా విడిపోతున్నట్లు ప్రకటించింది. మరుసటి ఏడాదికి అలాంటి రాష్ట్రాలు 11 అయ్యాయి. 'మేము ఒప్పందంతో చేరాము, అవతలివారు దాన్ని ఉల్లంఘించారు, కాబట్టి వెళ్ళిపోతున్నాము' అన్నది వారి వాదన. ఏమిటా ఉల్లంఘన? పారిపోయిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు తిరిగి అప్పగించడం లేదని దక్షిణ కరోలినా తన ప్రకటనలోనే రాసుకుంది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. 1860 నాటికి దక్షిణ కరోలినా జనాభాలో సగానికి పైగా బానిసలే. 'రాష్ట్రం' విడిపోతానన్నప్పుడు వారిని ఎవరైనా అడిగారా? లేదు. రాష్ట్రం హక్కు పేరుతో జరిగినది యజమానుల హక్కు కోసం పోరాటం. 1861 నుండి 1865 వరకు సాగిన ఆ యుద్ధంలో 6 లక్షలకు పైగా సైనికులు మరణించారు. 1865లో 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది.

యుద్ధం బలంతో తేల్చిన విషయాన్ని చట్టపరంగా తేల్చినది 1869 నాటి 'టెక్సాస్ వర్సెస్ వైట్' కేసు. యుద్ధకాలంలో టెక్సాస్ తిరుగుబాటు ప్రభుత్వం అమ్మిన అమెరికా బాండ్లను తిరిగి ఇప్పించమని యుద్ధం తర్వాత టెక్సాస్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. టెక్సాస్ అసలు యూనియన్‌లో రాష్ట్రమేనా అన్న ప్రశ్న వచ్చింది. టెక్సాస్ ఎన్నడూ యూనియన్ నుండి బయటికి పోలేదని, విడిపోతూ చేసిన తీర్మానం చెల్లదని ప్రధాన న్యాయమూర్తి సాల్మన్ చేజ్ తీర్పు ఇచ్చారు. బయటికి పోవడానికి రెండే దారులని చెప్పారు. ఒకటి విప్లవం, రెండవది మిగతా రాష్ట్రాల అంగీకారం. విప్లవం చట్టం ఇచ్చే హక్కు కాదు. కనుక చట్టంలో మిగిలేది అంగీకారం ఒక్కటే.

మన రాజ్యాంగంలో

అమెరికాలో యూనియనూ, రాష్ట్రాలూ రెండూ చెదరనివి. మన దేశంలో యూనియన్ మాత్రమే చెదరనిది. 3వ అధికరణ ప్రకారం పార్లమెంటు కొత్త రాష్ట్రాలను ఏర్పాటు చేయవచ్చు, సరిహద్దులు మార్చవచ్చు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాయి. ప్రత్యేక రాష్ట్రం కోరడాన్ని కొందరు 'వేర్పాటువాదం' అన్నారు. చట్టం దృష్టిలో అది పొరపాటు. ప్రత్యేక రాష్ట్రం రాజ్యాంగం లోపలి కోరిక. దేశం నుండి విడిపోవడం వేరు. పరీక్ష రాసేవారు ఈ రెంటినీ కలపకూడదు.

ద్రవిడనాడు డిమాండు ఉన్న రోజుల్లో, 1963లో 16వ సవరణ వచ్చింది. దేశ సార్వభౌమత్వం, సమగ్రత కోసం భావప్రకటన స్వేచ్ఛపై ఆంక్షలు పెట్టడానికి వీలు కల్పించింది. ఎన్నికల అభ్యర్థులు వాటిని కాపాడతామని ప్రమాణం చేయాలన్నది. కేంద్రం కూడా ఒక్క ఒప్పందంతో భూభాగాన్ని వేరే దేశానికి ఇచ్చివేయలేదు, రాజ్యాంగ సవరణ కావాలి. బంగ్లాదేశ్‌తో భూభాగాల మార్పిడికి 2015లో 100వ సవరణ చేసింది అందుకే.

ఇతర దేశాలు

సోవియట్ యూనియన్ 1977 రాజ్యాంగం 72వ అధికరణలో విడిపోయే హక్కు ఉండేది. కానీ అది ఎలా వాడుకోవాలో చెప్పే చట్టం 1990 వరకు లేదు. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. ఇథియోపియా 1995 రాజ్యాంగం 39వ అధికరణలో ఈ హక్కు ఇచ్చింది.

కెనడా సుప్రీంకోర్టు 1998లో క్విబెక్ విషయంలో మధ్యే మార్గం చూపింది. ఏకపక్షంగా విడిపోయే హక్కు లేదన్నది. అయితే స్పష్టమైన ప్రశ్నపై ప్రజలు స్పష్టమైన మెజారిటీతో కోరితే మిగతావారు చర్చలకు రావాలన్నది. ఆ చర్చల్లో మైనారిటీల హక్కులనూ పట్టించుకోవాలన్నది. దక్షిణ కరోలినాలో ఎవరూ అడగని ప్రశ్న ఇక్కడ కోర్టు అడిగింది.

ముగింపు

కాబట్టి చాలా దేశాల చట్టంలో ఏకపక్షంగా విడిపోయే హక్కు రాష్ట్రాలకు లేదు, మన దేశంలో అసలే లేదు. అయితే హక్కు ఉందా అని అడిగేటప్పుడు ఎవరి హక్కు అని కూడా అడగాలి. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణ ప్రతి రాష్ట్రంలో, ప్రతి ఊరిలో ఒకేలా వర్తిస్తుంది. ఏ రాష్ట్రమూ దాని నుండి తప్పుకోలేదు. విడిపోవద్దని చెప్పే రాజ్యాంగానికి కలిసి ఉన్నవారందరికీ న్యాయం చేయవలసిన బాధ్యత కూడా ఉంది. ఆ న్యాయం అందుతున్నదా అని చూడవలసినది మనం.