ఇంటిముంగిట కాలిబాట వేయించుకొనువారికి

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపట్ల క్రొత్తగా ఇండ్లు కొనుచున్న మన తెలుగువారు, గృహప్రవేశమునాడు కట్టిన తోరణము వాడకమునుపే, వీథినుండి గుమ్మమువరకు పేవరురాళ్లతో కాలిబాట వేయింప సంకల్పించి, ఒప్పందమును పూర్తిగా చదువక, సగమునకు మించి సొమ్ము ముందే ముట్టజెప్పి, పని జరుగునప్పుడు ఆఫీసులలో కూర్చుండి, మరుసటి వసంతమున రాళ్లు క్రుంగినపిమ్మట నెత్తిన చేతులు పెట్టుకొనుట ఏటేట చూచుచున్నాను. మా యింటను ఇదే జరిగినది. మరల మరియొకరి యింట జరుగుట చూచి యూరకుండలేక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

రాయి రంగు, ఆకారము మీ యిష్టము. హోమ్ ఓనర్స్ అసోసియేషన్ ఉన్నచోట వారి అనుమతియు, టౌన్‌షిప్ కార్యాలయమున పర్మిటు సంగతియు ముందే కనుగొనుడు. త్రవ్వకమునకు మూడు పనిదినములు ముందుగా కాంట్రాక్టరుచేత 811కు ఫోను చేయింపుడు; రుసుము లేకుండ వచ్చి గ్యాసునకు పసుపు, విద్యుత్తునకు ఎరుపు, మంచినీటికి నీలము రంగున నేలపై గుర్తులు పెట్టిపోవుదురు.

ఈ రాష్ట్రమున 500 డాలర్లు మించిన గృహనిర్మాణపు పనులకు ఒప్పందము వ్రాతపూర్వకముగా ఉండితీరవలెను. కాంట్రాక్టరు వినియోగదారుల వ్యవహారముల విభాగమున నమోదై యుండవలెను. ఒప్పందపు ప్రతి చేతికందిన తరువాత మూడవ పనిదినము అర్ధరాత్రివరకు దానిని రద్దుచేసికొను హక్కు మీకు కలదు. కాలిఫోర్నియాలో అడ్వాన్సు మొత్తములో పదవవంతుగాని వేయి డాలర్లుగాని, ఏది తక్కువయో దానిని మించరాదని చట్టమే కట్టడి చేసినది. అట్టి కట్టడి లేనిచోట దానిని మీరే చేసికొనుడు.

ఇక అసలు సంగతి. కాలిబాట ప్రాణమంతయు కంటికి కనబడని అడుగుపొరలోనున్నది. పైమట్టి తీసివైచి, నాలుగు మొదలు ఆరంగుళముల కంకరను పొరలుపొరలుగా పోసి, ఒక్కొక్క పొరను యంత్రపు దిమ్మిసతో గట్టిపరచి, దానిమీద అంగుళము మందమున ఇసుక పరచి, అటుపిమ్మట రాళ్లు పేర్చి, అంచులు కదలకుండ బిగింపవలెను. ఇంటిగోడనుండి వెలుపలికి అడుగునకు పావంగుళము చొప్పున వాలుండవలెను. ఇందులో లోపము జరిగినచో, శీతకాలమున నేలలోని నీరు గడ్డకట్టి ఉబ్బి రాళ్లను పైకెత్తును. కరిగినప్పుడు అవి తోచినట్లు క్రుంగును.

మా యొప్పందమున కంకర ఆరంగుళములని స్పష్టముగా వ్రాసియుండెను. పని జరుగుచున్ననాటి సాయంత్రము నేనిల్లు చేరునప్పటికి సగము బాట పరచియుండెను. అంచున ఒక రాయి యెత్తి టేపు గ్రుచ్చి చూడగా, ఇసుకక్రింద రెండంగుళముల కంకర, దానిక్రింద బంకమన్ను! అడిగితిని. "మేమెల్లప్పుడు ఇట్లే వేయుదుము, నిశ్చింతగా నుండుడు" అని కాంట్రాక్టరు నవ్వుచు చెప్పెను. పగలెల్ల ఎండలో శ్రమపడినవారితో వాదమెందుకని మా యింటివారందరు మొగమాటపడిరి. అతడు చెక్కు పుచ్చుకొని వెడలిపోయెను. శీతకాలము గడచునంతలో మెట్లయొద్ద రాళ్లు పల్లమై, వాననీరంతయు గోడవైపు మరలి, బేస్‌మెంటులో చెమ్మ కనబడసాగెను. ఫోనుచేసిన పలుకు నాథుడు లేడు.

అయ్యలారా, అమ్మలారా, ఈ మొగమాటమే మన కొంప ముంచునది! సొమ్ము మీది, ఇల్లు మీది, అడుగుటకు సంకోచమేల? కప్పకముందు చూడుడు. మరల చెప్పుచున్నాను, రాయితో కప్పకముందే చూడుడు.

మా యూర నాన్నగారు వీథియరుగు కట్టించిననాడు, వేపచెట్టు నీడకు కుర్చీ జరుపుకొని ప్రొద్దుటినుండి అచటనే కూర్చుండెడివారు. తాపీమేస్త్రి ప్రతి వరుసకు తానే రసమట్టము పెట్టి, "అయ్యగారూ, ఒకపరి చూచుకోండి" అని పిలిచెడివాడు. దిమ్మిస చప్పుడు ఇంటిలోపలికి వినవచ్చెడిది. వానలకు ఒకచోట బీటవారినప్పుడు కబురంపగా ఆ సాయంత్రమే వచ్చి పూడ్చిపోయెను. కాగితమొక్కటియు లేదు, అతడు అదే యూర బ్రతుకవలసినవాడు, రేపు సంతలో మా నాన్నగారికి ఎదురుపడవలసినవాడు. ఆ యెదురుపాటు ఇచట లేదు. కనుకనే ఇచట కాగితము కావలెను. ఈ మాట తలచినప్పుడెల్ల ఆ వేపచెట్టు నీడ మీదికి మనసు పోవుచునే యుండును.

లోపము కనబడినచో కూలివారిపై కేకలు వేయకుడు. వారు చెప్పినపని చేయువారు. ఒప్పందముపై సంతకము చేసినవానితో మాటాడుడు. టేపు ప్రక్కన నిలిపి ఫోటో తీసి, నేను చూచినదిది, ఒప్పందములోని మాట యిది, ఇన్ని దినములలో సరిచేయవలెనని ఆనాడే ఈమెయిలు వ్రాయుడు. నోటిమాట ఫోనులో ముగిసినను దానిని వెంటనే వ్రాతలో పెట్టుడు.

పని ముగిసినదనునప్పుడు బక్కెట్టెడు నీళ్లు మెట్లయొద్ద కుమ్మరించి, అవి ఎటు పారునో నిలిచి చూడుడు. పెక్కు రాష్ట్రములలో, కాంట్రాక్టరు రాళ్ల దుకాణమునకు బాకీపడినయెడల ఆ దుకాణమువారు మీ యింటిమీదనే హక్కు నమోదుచేయగలరు. కావున బాకీ లేదని లీన్ వేవరు పత్రము చేతికి వచ్చినగాని చివరి వాయిదా చెల్లింపకుడు. రాళ్లు పేర్చునాడు మీరు లేకున్నను నష్టము లేదు గాని, కంకరపోసి దిమ్మిసచేయు దినమున మాత్రము సెలవు పెట్టి ఇంటనుండుడు.