ఆధారం ముడి వేయడం ఎలా?

ప్రశ్న: రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువాళ్లం. స్నేహితులం వాట్సాప్‌లో గళ్ల నుడికట్టు ఆధారాలు రాసుకుని పూరిస్తున్నాం. మావి మరీ తేలికవుతున్నాయి, లేదా ఎవరికీ అందడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, రాయ్‌పూర్

జవాబు: శ్రీశ్రీ, ఆరుద్ర వంటివారు మక్కువతో నడిపిన ప్రక్రియ ఇది. మీరు చేస్తున్నది మంచి పని.

గూఢమైన ఆధారంలో రెండు భాగాలుండాలి: జవాబుకు సూటి అర్థం, అక్షరాలు కూర్చుకునే దారి. ‘యంత్రం తిరగబడితే లక్ష్మి (2)’ చూడండి. యంత్రం అంటే మర, తిప్పితే రమ. ‘కొత్త రేయితో వచ్చే పండగ (4)’ అంటే నవ, రాత్రి కలిసి నవరాత్రి.

మహానదికి ‘పెద్ద ఏరు’ అని ఇస్తే అందులో ముడి లేదు. ‘మనదిలో సగం హాయి చేరితే ఛత్తీస్‌గఢ్ ఏరు (4)’ అనండి. ‘మనది’ మధ్యలో ‘హా’ పెడితే మహానది! ఇందులో వృథా మాట లేదు. అదే అసలు పరీక్ష: ఏ మాట తీసేసినా ఆధారం కుంటుపడాలి.

ఇక పద్ధతి. వారానికి ఒకరు కూర్పరిగా ఉండండి. గడికి ఒక అక్షరమే. ఒత్తులు, సున్నా విడిపోకూడదు. పంపేముందు ఒక్క స్నేహితుడితో విడిగా పూరింపజేయండి. జవాబు చెప్పినవారు అది ఎలా వచ్చిందో కూడా వివరించాలని నియమం పెట్టుకోండి. ఎవరికీ అందకపోతే జవాబు చెప్పేయకుండా, ముందు సూటి అర్థం ఎక్కడుందో చూపండి. దారి దొరికితే మిగతాది వాళ్లే విప్పుతారు.