వర్షాధార మల్బరీకి సున్నం ముందు, ఎరువు తర్వాత

ఈ వారం పాఠం నేల గురించి. బోరు నీళ్లున్నవాళ్ల లెక్క వేరు. మన నందపూర్ కొండవాలు తోటలు వాన మీదే బతుకుతున్నాయి, కాబట్టి మన లెక్క మనం వేసుకోవాలి.

మన నేల సంగతి
కోరాపుట్ జిల్లా ఎర్రనేలలు ఎక్కువగా పులుపు నేలలు. జోరు వానలకు కాల్షియం, మెగ్నీషియం కొట్టుకుపోతాయి. నేలలో పులుపు ఎక్కువైతే మనం వేసిన భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి, వేరుకి అందదు. బస్తా డబ్బు మన్నులో పోసినట్టే. పి.హెచ్. 5.5 కన్నా తక్కువుంటే ముందు సున్నం సంగతి చూడాలి.

మట్టి పరీక్ష
ఎరువు వేయకముందే మట్టి తీయాలి. తోటలో వంకరటింకరగా నడుస్తూ 8-10 చోట్ల అడుగు లోతు మట్టి తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి అరకిలో పంపండి. వాలు పైభాగం, కిందిభాగం విడివిడిగా తీయండి, రెండూ ఒకలా ఉండవు. సున్నం ఎంత కావాలో చీటీలో రాసిమ్మని అడగండి.

సున్నం
సున్నపురాయి పొడి గానీ డోలమైట్ గానీ వాడండి. డోలమైట్‌లో మెగ్నీషియం కూడా ఉంటుంది. గోడలకేసే కాల్చిన సున్నం వద్దు, వేర్లకు ఘాటు. చీటీలో చెప్పినదంతా ఒకేసారి పోయక్కర్లేదు. ఐదో వంతు చొప్పున ఏటా సాళ్లలో వేసి మట్టిలో కలపండి. యూరియాతో కలిపి వేయకండి, నత్రజని గాలిలో పోతుంది. రెండు మూడు వారాలు ఎడం ఉండాలి.

ఎరువు లెక్క
వర్షాధార మల్బరీకి ఏడాదికి ఎకరాకు 4 టన్నుల గత్తం, 40 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్ సిఫార్సు. బస్తాల్లో చూస్తే:
యూరియా సుమారు 87 కిలోలు
సింగిల్ సూపర్ 125 కిలోలు
మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 33 కిలోలు
దీన్ని రెండు భాగాలు చేయండి. మొదటిది వానాకాలం కొమ్మ కొట్టాక చిగురు పట్టినప్పుడు, రెండోది వానలు వెనక్కి పోకముందు. నేల తడిగా ఉండాలి గానీ జోరు వాన రోజు మాత్రం వద్దు, ఎరువంతా గెడ్డలో కలుస్తుంది. మొదలుకి అడుగు దూరంలో, వాలుకి పైవైపు గాడి తీసి వేసి మన్ను కప్పండి.

యూరియా ఒక్కటే చాలదు
యూరియా ఒక్కటే వేస్తే ఆకు నల్లగా, పెద్దగా కనిపిస్తుంది. కానీ మెత్తబడి నీరెక్కువవుతుంది. నాలుగో జ్వరం దాటాక అలాంటి ఆకు మేపితే పురుగు తట్టుకోలేదు, రోగాలకు లొంగిపోతుంది. పొటాష్ మానేస్తే ఎండకి తట్టుకునే శక్తి కూడా చెట్టుకి తగ్గుతుంది.

తడి నిలబెట్టేది
సాళ్ల మధ్య జనుము గానీ ఉలవ గానీ చల్లి పూతకొచ్చేసరికి కలియదున్నండి. కత్తిరించిన సన్న కొమ్మలు తగలబెట్టకుండా ముక్కలు చేసి పరచండి. స్పెయిన్‌లో వర్షాధార ఆలివ్ తోటల రైతులు కూడా కొమ్మలు నలగ్గొట్టి నేల మీదే పరుస్తారు. తడి ఆరదు, మన్ను కోతపడదు.

పురుగుల షెడ్డులో వచ్చిన రెట్ట, మిగులు ఆకు మాత్రం పచ్చిగా తోటలో వేయొద్దు. పాలరోగం, పెబ్రిన్ ఏవైనా ఉంటే మళ్లీ ఆకు మీదికే వస్తాయి. షెడ్డుకి దూరంగా గోతిలో పేడనీళ్లు చల్లుతూ పొరలుగా వేసి, మన్ను కప్పి, నాలుగు ఐదు నెలలు బాగా మాగాకే తియ్యండి.

చేతిలో డబ్బు తక్కువైతే వరస ఇది: ముందు మట్టి పరీక్ష, తర్వాత సున్నం, గత్తం, ఆఖరున బస్తా ఎరువు. మట్టి చీటీ వచ్చినవాళ్లు అందులోని పి.హెచ్. అంకె గ్రూపులో పెట్టండి, ఎవరికి ఎంత సున్నమో కలిసి లెక్క వేసుకుందాం.