నాయనమ్మ పుట్టిల్లు

ధర్మపురి శ్రీలక్ష్మీనరసింహస్వామివారి సన్నిధిలో ముప్పది యేండ్ల క్రితం పరిచయమైన మిత్రుడొకరు నాకున్నారు. గోదావరికి ఈవలి ఒడ్డున ధర్మపురి మా ఊరు. ఆవలి ఒడ్డున లక్షెట్టిపేట వారి ఊరు. మాది కరీంనగర్ జిల్లా, వారిది ఆదిలాబాదు. 2016 నాటి పునర్విభజనతో ఇవి జగిత్యాల, మంచిర్యాల జిల్లాలైనవి. మా ఇంటిపేర్లు వేరు, గోత్రాలు వేరు. కనుక వారి కుమార్తెను మా అబ్బాయికి చేసుకుందామని ఇరువైపుల పెద్దలమూ అనుకున్నాము. పిల్లల చెవిన ఇంకా వేయలేదు.

ఆ రోజులలోనే మిత్రుడు గయకు వెళ్ళి పితృకార్యం నిర్వర్తించి వచ్చారు. గయలోని పండాలు యాత్రికుల పేర్లు, వారి తండ్రితాతల పేర్లు, ఊరు, గోత్రం బహీలలో వ్రాయించి తరతరాలుగా కాపాడుతున్న సంగతి పాఠకులలో చాలామందికి అనుభవమే. అట్టి ఒక బహీలో తమ ముత్తాతగారి చేవ్రాలు కనిపించిందని, ఆ పుటను ఫోటో తీసుకొచ్చి నాకు చూపారు. "వికారి నామ సంవత్సరం", "జిల్లా ఎలగందుల" అన్న మాటలు స్పష్టంగా ఉన్నవి. ఊరిపేరు మీద మాత్రం సిరా అలుక్కుపోయింది. కింద మరొక పంక్తి: తనతో వచ్చిన అక్కగారిని ధర్మపురిలో ఫలానా వారికి ఇచ్చినట్లు. అక్కగారి పేరు లేదు, బావగారి పేరు మాత్రమే ఉన్నది.

ఆ బావగారి ఇంటిపేరు మా నాయనమ్మగారి పుట్టింటి పేరు.

ఇంటికి వెళ్ళి మా నాన్నగారు తర్పణాలకు వ్రాసుకున్న పాత పుస్తకం తెరచి చూశాను. అమావాస్య తర్పణాలలో మనం తండ్రి, తాత, ముత్తాత, వారి ధర్మపత్నులు, తల్లి తరఫున మాతామహాదులు ముగ్గురు, వారి ధర్మపత్నులు, వెరసి పన్నెండు పేర్లు చెబుతాము. నాన్నగారి జాబితాలో మాతామహుల స్థానంలో ఆ బావగారి పేరే ఉన్నది. పక్కనే, బహీలో లేని ఆ అక్కగారి పేరు కూడా ఉన్నది. ఆ పేరు నేనెన్నడూ ఉచ్చరించలేదు. నా వంతు వచ్చేసరికి మాతామహుల స్థానంలోకి మా అమ్మ తరఫువారు వచ్చారు. నాయనమ్మ నా జాబితాలో ఉన్నది గాని ఆమెను కన్నవారు లేరు. ఆడపడుచు పుట్టిల్లు మన సంకల్పాలలో నుండి ఒక్క తరంలోనే జారిపోతుందని ఆనాడు తెలిసింది.

ఇక ఊరు తేల్చవలసి వచ్చింది. కరీంనగర్ సమీపంలోని ఎలగందుల కోట కింది గ్రామంలో మూడు దినాలు విచారించాము. ఆ ఇంటిపేరువారు అక్కడ ఏనాడూ లేరన్నారు. పొరపాటు మాదే. ఎలగందుల అన్నది ఆనాడు జిల్లా పేరు కూడా. 1905లో అది కరీంనగర్ జిల్లాగా మారినప్పుడు చెన్నూరు, లక్షెట్టిపేట తాలూకాలను దాని నుండి తీసి ఆదిలాబాదుకు కలిపారు. సంవత్సరమూ దీనితోనే తేలింది. వికారి అరువది యేండ్లకొకసారి వస్తుంది: 1839, 1899, 1959. నిజాం రాజ్యంలో జిలాబందీ జరిగినది 1865లో. కనుక అంతకుముందు జిల్లా లేదు, 1905 తరువాత ఎలగందుల పేరు లేదు. మిగిలినది 1899. పాత పత్రాలు పరిశీలించేవారు నేటి జిల్లా పటాన్ని మొదట పక్కన పెట్టడం మంచిది.

గోదావరి ఉత్తరవాహినిగా పారే చెన్నూరులో ఒక వృద్ధులు మా సందేహం తీర్చారు. ఆ ఇంటి కొడుకు లక్షెట్టిపేటకు తరలిపోయాడని, కూతురిని ధర్మపురికి ఇచ్చారని వారి పెద్దలు చెప్పగా విన్నారట.

ఆనందంతో ఇంటికి వచ్చి వరుస లెక్కించాము. ఆ అక్కగారి కూతురు మా నాయనమ్మ, తమ్ముడి కొడుకు మిత్రుని తాత. అనగా మేనత్త కూతురు, మేనమామ కొడుకు. తల్లికి బావ వరుసైనవాడు బిడ్డకు తండ్రి వరుస. ఆ లెక్కన మా తండ్రులిద్దరూ అన్నదమ్ములు, మేమూ అన్నదమ్ములమే. మరి మా పిల్లలు?

పురోహితుల నడిగాము. 1955 నాటి హిందూ వివాహ చట్టం తనతో మొదలుపెట్టి తండ్రి వైపు ఐదు తరాలు, తల్లి వైపు మూడు తరాలు సపిండులుగా ఎంచుతుంది. మా పిల్లలకు ఉమ్మడి పూర్వులు ఆరవ తరంలో ఉన్నారు. చట్టానికి అభ్యంతరం లేదు, గోత్రానికీ లేదు. నిర్ణయం మీదేనన్నారు. తొంభై యేండ్ల మిత్రుని మేనత్తగారు మాత్రం ఒక్కటే మాట అన్నారు: "అన్నదమ్ముల బిడ్డలు గద, ఎట్ల చేస్తరు కొడుకా?"

మానుకున్నాము. తెలియకపోతే పెండ్లి జరిగిపోయేది, ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆ బహీ చూడకుండా ఉంటే బాగుండునని మా ఇంటావిడ ఒకసారి అన్నది. నేను బదులు చెప్పలేకపోయాను.

ఆదిలాబాదు అడవులలోని గోండులకు ప్రధానులు కిక్రి వాయిస్తూ వంశగాథలు వినిపిస్తారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశపు కొత్త కోడళ్ళను దేవుని ఎదుట నిలిపి పరిచయం చేస్తారు, దానిని భేటింగ్ అంటారు. మన పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పేవారు. మా రెండిండ్లకు అట్టివారెవరూ లేరు. ఉన్నదల్లా ఒక బహీ, ఒక పాత పుస్తకం. ఒకదానిలో ఆమె తమ్ముడున్నాడు, మరొకదానిలో ఆమె పేరున్నది.

మహాలయ అమావాస్యనాడు ధర్మపురి రేవులో ఇద్దరం పక్కపక్కన కూర్చొని తర్పణాలు వదిలాము. నా పన్నెండు పేర్లలో, వారి పన్నెండు పేర్లలో ఉమ్మడిది ఒక్కటీ లేదు. చివర పురోహితుల అనుమతితో ఆ అక్కగారి పేరు చెప్పి చెరియొక దోసిలి నీరు విడిచాము.

మిత్రుని కుమార్తె ఇప్పుడు నన్ను పెదనాన్నా అని పిలుస్తున్నది. మామయ్యా అనిపించుకోవాలని మేమెంత ఆశపడ్డామో ఆ బిడ్డకు తెలియదు.