చేతిపంపు ఎంపిక : పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

నల్లమల అడవిలో, హైదరాబాదు–శ్రీశైలము రహదారిపై నున్న మన్ననూరు వంటి గ్రామములందును, చుట్టుపట్ల చెంచు పెంటలందును వేసవిలో చేతిపంపు చెడినచో కలుగు కష్టము మనకు తెలియనిది కాదు. కావున పంపును కొనుటకు ముందే రెండు నమూనాలను సరిపోల్చు పద్ధతిని నేర్చుకొందము.

ఇండియా మార్కు-2 పంపు 1970 దశకములో షోలాపూరు పంపు ఆధారముగా, యునిసెఫ్ సహకారముతో రూపొందినది. దీని గొట్టము సన్ననిది. లోపలి వాషరు అరిగినచో గొట్టములన్నిటిని పైకి లాగవలెను. అందులకు పనిముట్లతో ఒక బృందము రావలయును. తరువాత వచ్చిన మార్కు-3 గొట్టము లావైనది. గొట్టములను కదల్పకయే పిస్టనును పైకి తీయవచ్చును గనుక తర్ఫీదు పొందిన గ్రామస్థులే బాగుచేసికొనగలరు. కాని దాని బరువు, వెల హెచ్చు. సాధారణముగా మార్కు-2ను 50 మీటర్ల లోతు వరకు, మార్కు-3ను 30 మీటర్ల వరకు అమర్చుదురు.

మొదట తప్పనిసరి షరతును చూడవలెను. పంపును 45 మీటర్ల లోతున దింపవలసి యున్నచో మార్కు-3 ప్రసక్తియే లేదు. ఇతర గుణములెన్ని యున్నను ఆ లోపమును పూడ్చలేవు.

రెండును పనికివచ్చు చోట అవసరములకు విలువ కట్టుదము. ఉదాహరణకు, ఊరిలోనే మరమ్మతుకు 5, తక్కువ వెలకు 3, విడిభాగముల లభ్యతకు 2 అనుకొందము. ఈ మూడింటికి వరుసగా మార్కు-2కు 2, 4, 4 చొప్పున, మార్కు-3కు 5, 2, 3 చొప్పున మార్కులు వేసితిమి. విలువతో మార్కును హెచ్చించి కూడగా మార్కు-2కు 30, మార్కు-3కు 37 వచ్చును.

ఇప్పుడు మార్కులను మార్చక, వెలకు 5, మరమ్మతుకు 3 అని విలువలను మాత్రమే తారుమారు చేయుదము. మార్కు-2కు 34, మార్కు-3కు 31 వచ్చును. గెలుపు తలక్రిందులైనది! అనగా అసలు నిర్ణయము మార్కులలో గాక విలువలలోనే కలదు.

అందుచే విలువలను మార్కులు వేయుటకు ముందే గ్రామసభలో నిర్ణయించి, తీర్మాన పుస్తకమున వ్రాయవలెను. బిందె మోయు స్త్రీల మాట అందు తప్పక వినవలెను. పిదప సభ్యులు ఎవరికి వారు మార్కులు వేసి, భేదము వచ్చిన చోట చర్చింపవలెను. అట్లు చేసినచో ఏ పంపును ఏల కొంటిమో ఊరివారు అడిగినపుడు లెక్క చూపి చెప్పగలము.