గ్రహాంతర యుద్ధంలోకి ఉద్దానం ఎలుగు

మినియేచర్ వార్‌గేమ్ అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. చదరంగంలా గళ్ళుండవు. ఒక పెద్ద బల్ల, దాని మీద థర్మోకోల్ కొండలు, అట్టపెట్టెల ఇళ్ళు, వేలెడంత సైనికుల బొమ్మలు. టేపుతో కొలిచి బొమ్మని జరుపుతాం, పాచికలు వేసి దెబ్బ తగిలిందో లేదో చూస్తాం. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ ప్రచురించిన క్రీగ్‌స్పీల్ నుంచి, 1913లో హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికుల కోసం రాసిన 'లిటిల్ వార్స్' మీదుగా, 1987లో మొదలైన వార్‌హామర్ 40,000 దాకా ఆట ఎక్కువగా ఇద్దరి మధ్యే. బొమ్మలు కొనాలంటే మన జేబులు చాలవు. సీసా మూతలు, బంకమట్టి ఉంటే చాలు.

ఈ వ్యాసం మూడోవాడి గురించి. యుద్ధం జరిగేది వేరే గ్రహం మీద కదా, మరి అక్కడ బతికే జంతువులేవి? రెండు సైన్యాలు కాల్చుకుంటుంటే అవెక్కడికి పోతాయి?

చాలామంది చేసే పని ఇది: బల్ల మధ్యలో ఒక రాక్షస జంతువుని పెడతారు. ప్రతి రౌండ్‌లో పాచిక వేస్తారు. ఒకటొస్తే ఉత్తరానికి, రెండొస్తే దక్షిణానికి, ఆరొస్తే దగ్గరున్నవాడిని తినేస్తుంది. మొదటి ఆటలో నవ్వొస్తుంది, మూడో ఆటకి విసుగొస్తుంది. ఎందుకంటే అది జంతువు కాదు, కాళ్ళున్న పాచిక. దాని గురించి మీరు ఆలోచించాల్సింది ఏమీ లేదు, జాగ్రత్తపడటానికీ ఏమీ లేదు. ఏం చేస్తుందో తెలియకపోవడం వేరు, అది చేసేదానికి అర్థమే లేకపోవడం వేరు.

ఈ తేడా తెలియాలంటే పలాస దాటి సముద్రం వైపు వెళ్ళాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... కొబ్బరి, జీడి, పనస తోటల్లో మునిగిపోయిన ఊళ్ళు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఆ తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. వేసవిలో జీడిపళ్ళు రాలతాయి, పనసపళ్ళు ముగ్గుతాయి. పిక్కలు ఏరడానికి మనుషులు తెల్లారకుండానే తోటలోకి వెళ్తారు. పళ్ళ కోసం ఎలుగూ అప్పటికే అక్కడ ఉంటుంది. ఇద్దరికీ పని ఒకే చెట్టు కింద.

ఎలుగు ప్రవర్తన చూడండి. దాని ముక్కు చాలా చురుకు, చూపు అంతంతమాత్రం. చెదపుట్ట తవ్వి మూతితో పురుగుల్ని పీల్చేటప్పుడు ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. ఆ ధ్యాసలో అది పక్కన ఎవరొచ్చారో పట్టించుకోదు. తల్లి పిల్లల్ని వీపు మీద మోస్తూ తిరుగుతుంది. మనిషిని వేటాడి తినే జంతువు కాదు. హఠాత్తుగా దగ్గర్లో మనిషి కనబడితే మాత్రం పారిపోవడానికి బదులు మీద పడొచ్చు. అందుకే తోటలోకి గుంపుగా వెళ్ళండి, మాట్లాడుకుంటూ వెళ్ళండి అని చెబుతారు. ఇందులో ఒక తిరకాసు ఉంది. చప్పుడు చెయ్యకుండా నడిచేవాడికే ప్రమాదం ఎక్కువ!

నన్నడిగితే ఆటకి కావలసింది ఈ తిరకాసే. సైనికుడు నెమ్మదిగా పాకుతూ వెళ్తే శత్రువుకి కనబడడు, కానీ జంతువు కాళ్ళ మీదకే వెళ్ళిపడొచ్చు. చప్పుడు చేస్తూ వెళ్తే జంతువు తప్పుకుంటుంది, శత్రువు మాత్రం తుపాకీ ఎక్కుపెడతాడు. ఏది మంచిదో పాచిక చెప్పదు, ఆడేవాడే తేల్చుకోవాలి.

ఇక నియమాలు. ప్రతి జంతువుకీ ఒక చీటీ రాయండి. అందులో మూడే ప్రశ్నలు: దానికేం కావాలి, దేనికి బెదురుతుంది, ఎంత దగ్గరకొస్తే మీద పడుతుంది. మన ఎలుగు లాంటి గ్రహాంతర జంతువుకి తిండి కావాలి, చప్పుడంటే బెదురు, నాలుగు అంగుళాల లోపు ఎవరైనా హఠాత్తుగా వస్తే దాడి. పిల్లలుంటే ఎనిమిది అంగుళాలు. తింటున్నప్పుడు దానికేమీ వినబడదు.

తిండి ఉన్నచోట్లని జీడిపిక్కలతో గుర్తుపెట్టండి. పలాస వైపు స్నేహితులుంటే గుప్పెడు తెస్తారు. పచ్చిపిక్క డొక్క మాత్రం పగలగొట్టకండి, ఆ నూనె చర్మాన్ని కాలుస్తుంది. తర్వాత గాలి. ఉద్దానంలో పగలు గాలి సముద్రం నుంచి తోటల మీదకి వీస్తుంది, రాత్రి నేల నుంచి సముద్రానికి మళ్ళుతుంది. బల్లకి ఒక అంచుని సముద్రం అనుకుని, సగం ఆటయ్యాక గాలి దిక్కు మార్చండి. గాలి మీ వైపు నుంచి జంతువు వైపు వీస్తుంటే దానికి మీ వాసన ముందే తెలుస్తుంది, తప్పుకుంటుంది. ఎదురుగాలిలో వెళ్తే తెలియదు. అప్పుడే ఆ నాలుగు అంగుళాలతో పని పడుతుంది.

పాచికలు అక్కర్లేదా అంటే, కావాలి. కాకపోతే రెండు వేసి కలపండి. 36 రకాలుగా పడొచ్చు. మొత్తం 5 నుంచి 9 వచ్చేవి 24, అంటే మూడింట రెండొంతులు. అప్పుడు జంతువు చీటీలో ఉన్నట్టే చేస్తుంది. 2 నుంచి 4 వస్తే ఉన్నచోటే నిలబడి గాలి పీలుస్తుంది. 10 నుంచి 12 వస్తే బెదరాల్సిన చోట బెదరదు. చివరి రెండిటికీ చెరో ఆరు. ఎక్కువసార్లు ఊహించగలం, అప్పుడప్పుడు మన ఊహ తప్పుతుంది. ఒక్క పాచికతో అన్ని అంకెలకీ సమాన అవకాశం ఉంటుంది కాబట్టి ఈ ఒంపు రాదు. ఇంకోటి, జంతువు వంతు ఎప్పుడో ముందే తెలియకూడదు. ఇద్దరి పేకముక్కల్లో ఒక జోకర్ కలిపి పెట్టండి, అది వచ్చినప్పుడు జంతువు కదులుతుంది.

అన్ని జంతువులూ మీద పడాల్సిన పని లేదు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు కడతాయి. అలాంటి గుంపుని బల్ల మీద ఒక చెట్టుకి పెట్టండి. కింద ఎవరైనా కాలిస్తే అన్నీ ఒక్కసారి లేస్తాయి, ఆ చుట్టుపక్కల దాక్కున్న వాళ్ళందరి జాడా బయటపడుతుంది. ఒక్కరినీ పొడవకుండానే యుద్ధం తిప్పేస్తాయి. మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ పిల్లలు వెలుతురు ఎక్కువున్న వైపు పాకుతాయి. వాటి పోలికతో సెర్చ్‌లైటు వేసినవాడి మీదకే మూగే పురుగుల దండుని తయారుచేసుకోవచ్చు.

ఇక మార్కుల సంగతి. జంతువుని చంపితే ఎన్ని పాయింట్లు అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నా లెక్కలో సున్నా. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో ఒక మనిషి చనిపోయాడు, ఆ వెంటనే ఇంకొందరు గాయపడ్డారు. అటవీ శాఖవాళ్ళు మత్తుమందిచ్చి పట్టుకున్న ఆ ఎలుగూ బతకలేదు. ప్రాణాలు పోయిన చోటు నుంచి ఆట తీసుకుంటున్నారేంటని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. అందుకే దాన్ని విలన్‌ని చెయ్యకూడదంటున్నాను. దానికి మన యుద్ధం సంగతి తెలియదు, ఏ పక్షం కాదు, ఎవరి మీదా పగ లేదు. పాయింట్లు పెట్టారో, రెండో రౌండ్‌కే ఇద్దరూ లక్ష్యం వదిలేసి దాని వెంట పడతారు. మూడోవాడు పోయి ఒట్టి టార్గెట్ మిగులుతుంది.

చంపకూడదని నియమం కూడా వద్దు. కాల్చుకోనివ్వండి. కాకపోతే తూటా ఖర్చవుతుంది, చప్పుడుకి శత్రువుకి జాడ తెలుస్తుంది, గాయపడిన జంతువు దాడి దూరం రెట్టింపవుతుంది. మొదటిసారి ఆడేటప్పుడు నాలుగడుగుల బల్లకి ఒక్క ఎలుగు, ఒక పక్షుల గుంపు, అయిదు పిక్కలు చాలు. గంటన్నరలో అయిపోతుంది. సముద్రం అంచు ఎవరి వైపో మాత్రం ఆట మొదలుపెట్టే ముందే టాస్ వేసి తేల్చుకోండి, తర్వాత గొడవవుతుంది.